డ్రాయింగు ఎవరి చేతిలో ఉంది?
కారు రూపకల్పనలో సరఫరాదారుల పాత్ర

ఈ మధ్య మా సాహిత్య సమావేశంలో ఒక యువకుడు కథ చదివాడు. వరసగా మూడేళ్ళు వానలు లేక సేద్యం మానుకున్న రైతు కొడుకు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో చేరతాడు. ఒకరోజు బస్సుకోసం నిలబడి, ఎదురుగా దూసుకుపోతున్న కొత్త కారును చూసి, "ఇది నేను చేసిన కారు. ఇందులో నేను ఎక్కలేను" అనుకుంటాడు. కథ అక్కడ ముగుస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. చర్చలో నేనొక చిన్న ప్రశ్న అడిగాను. "నీ కథానాయకుడు ఆ కారులో ఏ పని చేశాడబ్బాయ్?"

అతను కాసేపు ఆలోచించి, "సీట్లకు కవర్లు తొడిగే పని సార్" అన్నాడు.

"కార్ల కంపెనీలోనా? దాని పక్కనున్న సీట్ల కంపెనీలోనా?"

"పక్క కంపెనీలోనే. అయినా తేడా ఏముంది సార్?"

తేడా ఉంది. ఆ తేడా తెలియకపోవడం ఆ యువకుడి ఒక్కడి లోపం కాదు. మన సీమ కథ వాన కోసం ఎదురుచూసే రైతును లోతుగా చదివింది. బోరుబావిని, అప్పు పత్రాన్ని, పల్లె కక్షలను క్షుణ్ణంగా చదివింది. ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గేటు బయటే నిలబడిపోయింది. పొగగొట్టం, సైరను, షిఫ్టు బస్సు, వీటితో సరిపెట్టుకుంటోంది. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న చిలమకూరు లాంటి ఊళ్ళో బతికే మాబోటి వాళ్ళకు కూడా గేటు లోపలి సంబంధాలు పూర్తిగా తెలియవు. కార్ల పరిశ్రమలో ఆ సంబంధాలు మరీ చిక్కనివి. వాటిని అర్థం చేసుకోవడానికి ఒక తాళపుచెవి ఉంది. అది డ్రాయింగు.

1

ముందుగా కారును ఎవరు చేస్తారో చూద్దాం. చిన్న మర దాకా లెక్కపెడితే ఒక కారులో దాదాపు 30 వేల భాగాలుంటాయి. వీటన్నిటినీ ఒకే కప్పు కింద చేయాలని ఒకప్పుడు హెన్రీ ఫోర్డ్ కలగన్నాడు. అమెరికాలో రూజ్ నది ఒడ్డున 1928 నాటికి పూర్తయిన ఆయన ఫ్యాక్టరీలో ఒకవైపు ఇనుప ఖనిజం దిగితే, మరోవైపు కారు బయటికి వచ్చేది. ఉక్కు, గాజు కూడా అక్కడే చేసుకునేవారు.

ఆ పద్ధతి నిలవలేదు. ఈనాడు కార్ల కంపెనీ సాధారణంగా తన దగ్గర ఉంచుకునేవి రేకు వొత్తడం, అతకడం, రంగు వేయడం, చివరి కూర్పు, చాలాచోట్ల ఇంజను. సీట్లు, దీపాలు, బ్రేకులు, వైర్లు, అద్దాలు, స్టీరింగు, టైర్లు బయటి నుంచి వస్తాయి. కారు విలువలో సగానికి పైగా సరఫరాదారుల చేతుల్లోనే తయారవుతుంది. కారు ముందు భాగాన మెరిసే పేరు ఒక్కటే. దాని వెనక వందల పేర్లు ఉన్నాయి.

అయితే బయట చేయించడం ఒక సంగతి. బయట ఆలోచింపజేయడం మరో సంగతి. కార్ల పరిశ్రమ చరిత్రలో అసలు మలుపు ఈ రెండోదానితో వచ్చింది.

2

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో మగ్గం చూసిన పాఠకులకు దీన్ని సులువుగా చెప్పవచ్చు.

సేటు నూలు పంపుతాడు. డిజైను అట్టలు కూడా పంపుతాడు. నేతగాడు అట్టలు చెప్పినట్టు నేసి కూలి తీసుకుంటాడు. అంచు బాగున్నా బాగులేకపోయినా అది సేటు ఆలోచన. ఇది ఒక పద్ధతి.

రెండో పద్ధతిలో నేతగాడు తనకు తోచిన చీర నేసి అంగడికి తెస్తాడు. సేటు నచ్చితే కొంటాడు, నచ్చకపోతే వదిలేస్తాడు.

మూడోది ఈ రెంటి మధ్య ఉంది. సేటు వచ్చి, "పెళ్ళిళ్ళ కాలం వస్తోంది. ఇంత ధరకు పడాలి, ఇంత బరువుకు మించకూడదు, అంచు నిండుగా కనిపించాలి. డిజైను నువ్వే వెయ్యి. చూసి ఒప్పుకుంటే వంద చీరలు" అంటాడు. ఇక్కడ నేతగాడు చేతులతోబాటు తలను కూడా అమ్ముతున్నాడు.

కార్ల పరిశ్రమలో కూడా ఇవే మూడు. మొదటిది ఇచ్చిన డ్రాయింగు: కంపెనీ ప్రతి కొలతా గీసి ఇస్తుంది, సరఫరాదారు అలాగే చేస్తాడు. రెండోది కేటలాగు సరుకు: సరఫరాదారు సొంతంగా చేసి పెట్టినదాన్ని కంపెనీ ఎంచుకుంటుంది. మూడోది ఆమోదించిన డ్రాయింగు: ఎంత చోటు, ఎంత బరువు, ఎంత ధర, ఎన్నేళ్ళు పనిచేయాలి, పక్క భాగాలతో ఎక్కడ కలవాలి అన్నవి కంపెనీ చెబుతుంది. లోపలి రూపమంతా సరఫరాదారు గీస్తాడు. కంపెనీ పరీక్షించి ఆమోదిస్తుంది. లోపల ఏముందో పూర్తిగా చూడనక్కర లేదు గనుక ఇంజనీర్లు దీన్ని 'నల్లపెట్టె' పద్ధతి అంటారు.

ఈ మూడో పద్ధతిని విస్తారంగా వాడింది జపాన్. టొయోటా తన విద్యుత్ పరికరాల విభాగాన్ని 1949లో నిప్పన్‌డెన్సో పేరుతో వేరు కంపెనీగా విడదీసింది. విడిపోయిన ఇంజనీర్లతో జ్ఞానం కూడా బయటికి వెళ్ళింది. డ్రాయింగు కూడా వాళ్ళే గీయవలసి వచ్చింది. హార్వర్డ్‌లో కిమ్ క్లార్క్, తకాహిరో ఫుజిమోతో అనే ఇద్దరు పరిశోధకులు 1980లలో 20 కంపెనీలు చేపట్టిన 29 కార్ల ప్రాజెక్టులను పరిశీలించి 1991లో పుస్తకం ప్రకటించారు. సరఫరాదారుల నుంచి కొన్న భాగాల్లో నల్లపెట్టె పద్ధతిలో గీసినవి జపానులో 62 శాతం, యూరపులో 39 శాతం, అమెరికాలో 16 శాతం. అమెరికాలో 81 శాతం భాగాలు ఇచ్చిన డ్రాయింగు ప్రకారమే తయారయ్యాయి. ఆ కాలంలో కొత్త కారు గీసి బయటికి తేవడానికి అమెరికా కంపెనీకి ఐదేళ్ళు పడితే జపాను కంపెనీకి నాలుగేళ్ళ లోపే సరిపోయింది. ఈ తేడాకు కారణం సరఫరాదారులొక్కరే కాదు. అయినా ముఖ్యమైన కారణాల్లో అదొకటి.

3

డ్రాయింగు పంచుకోవడం ఔదార్యం కాదు. అందులో కచ్చితమైన లెక్క ఉంది.

మొదటి లెక్క ధరది. మామూలు వ్యాపారి ఖర్చు చూసుకుని, దానిమీద లాభం కలిపి ధర చెబుతాడు. జపాను కంపెనీలు దీన్ని తలకిందులు చేశాయి. జనం ఈ కారుకు ఎంత ఇస్తారో ముందు నిర్ణయించాలి. అందులోంచి తమకు కావలసిన లాభం తీసేయాలి. మిగిలిందే అనుమతించిన ఖర్చు. దాన్ని సీటుకింత, దీపానికింత, బ్రేకుకింత అని పంచుతారు. సరఫరాదారుడికి ముందు చేరేది డ్రాయింగు కాదు, ఈ అంకె. ఆ అంకెలో పట్టేలా గీయడం అతని బాధ్యత. ఉత్పత్తి మొదలయ్యాక కూడా ఏడాదికేడాది ధర తగ్గించమనే ఒత్తిడి వస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడిని అతను తనకు మరలు, రబ్బరు ముక్కలు అందించే చిన్న యజమాని మీదికి దించుతాడు. అది మెట్టు మెట్టుగా దిగి చివరికి ఎవరి కూలిలో తేలుతుందో పాఠకులు ఊహించుకోగలరు.

రెండో లెక్క కాలానిది. ఒక ముందు దీపాన్ని తీసుకుందాం. కారు ముఖం ఎలా ఉండాలో రూపశిల్పి గీస్తాడు. దీపం వేడెక్కుతుంది. ఆ వేడి పోవడానికి లోపల చోటు కావాలి. దీపాలు చేసేవాడిని మొదట్లోనే కూర్చోబెడితే "ఇక్కడ ఇంకొంచెం లోతు ఇవ్వండి" అంటాడు, కాగితం మీద గీత జరిగిపోతుంది. అతన్ని ఆఖరున పిలిస్తే అప్పటికే పక్కనున్న రేకును వొత్తే అచ్చు తయారై ఉంటుంది. అంత పెద్ద అచ్చును తిరిగి చేయాలంటే కోట్ల ఖర్చు, నెలల ఆలస్యం. కాగితం మీద రబ్బరుతో పోయే తప్పు ఉక్కుమీదికి ఎక్కాక పోదు. అందుకే ముఖ్యమైన భాగాలకు సరఫరాదారుని తొలి దశలోనే ఎంపిక చేస్తారు. వాళ్ళ ఇంజనీర్లు నెలల తరబడి కార్ల కంపెనీ ఆఫీసులోనే బల్లలు వేసుకుని పనిచేస్తారు.

మూడోది కలిసే చోటు. సీటు లోపల ఏముందన్నది సీటువాడి పని. కాని అది నేలకు ఏ నాలుగు చోట్ల బిగుస్తుంది, బెల్టు ఎక్కడ తగులుతుంది, ఏ వైరు ఎక్కడ కలుస్తుంది అన్నవి కంపెనీ తన గుప్పిట్లో ఉంచుకోవాలి. ఇల్లు కట్టించేవాడు తలుపులు వడ్రంగికి వదిలేసినా గుమ్మం కొలత తనే చూసుకుంటాడు గదా.

నాలుగోది నమ్మకం. దీన్ని తూకం వేయలేం, కాని ఒకసారి అది పరీక్షకు నిలిచింది. 1997 ఫిబ్రవరి 1న జపానులోని కరియాలో ఐసిన్ అనే సరఫరాదారు ఫ్యాక్టరీ తగలబడింది. టొయోటా కార్లకు బ్రేకు ఒత్తిడిని సర్దే చిన్న వాల్వు దాదాపు పూర్తిగా అక్కడే తయారయ్యేది. అవసరమైనప్పుడే తెచ్చుకునే పద్ధతి గనుక గోదాములో నిల్వ లేదు. టొయోటా ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. ఐసిన్ తన డ్రాయింగులను ఇతర సరఫరాదారులకు పంచింది. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా ఆ వాల్వులు చేసి ఇచ్చింది. వారం గడిచేసరికి లైన్లు మళ్ళీ నడుస్తున్నాయి. వాళ్ళంతా ఏళ్ళ తరబడి కలిసి గీసినవాళ్ళు కాకపోతే కొత్త భాగాన్ని అంత త్వరగా అందుకోగలిగేవారు కాదు.

4

అయితే ఈ పద్ధతి నిండా మేలే అనుకుంటే పొరపాటు. తలను బయటికి పంపేవాడు తన తల ఖాళీ కాకుండా చూసుకోవాలి. ఇరవై ఏళ్ళు బ్రేకు గీయని కంపెనీకి మంచి బ్రేకేదో, చెడ్డదేదో చెప్పే శక్తి పోతుంది. అప్పుడు ఆమోదం వట్టి ముద్ర అవుతుంది.

అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల తాళం స్విచ్చి ఉదంతం దీనికి ఉదాహరణ. ఆ స్విచ్చిని డెల్ఫీ అనే సరఫరాదారు చేసేది. తాళపుచెవిని నిలిపి ఉంచే బిగువు, కంపెనీ తానే నిర్ణయించిన కొలతకు తక్కువగా ఉంది. అయినా కంపెనీ ఇంజనీరు ఆమోదించాడు. కారు పోతుండగా చెవి జారితే ఇంజను ఆగిపోయేది, ప్రమాదంలో గాలిసంచి తెరుచుకునేది కాదు. 2006లో స్విచ్చి లోపలి భాగాన్ని మార్చారు. కాని భాగం నెంబరు మార్చలేదు. పాత స్విచ్చీ కొత్త స్విచ్చీ కాగితాల్లో ఒకటే. దాంతో పాత కార్లు ఎందుకు ఆగుతున్నాయో, కొత్తవి ఎందుకు ఆగడం లేదో ఏళ్ళ తరబడి తేలలేదు. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 124 మరణాలకు పరిహారం చెల్లించారు.

సాహిత్య విద్యార్థులకు ఇది వెంటనే అర్థం కావాలి. ముద్రణ సంఖ్య మార్చకుండా పుస్తకంలో పాఠం మార్చినట్టయింది ఇది. పాఠ పరిష్కర్త తల పట్టుకునే స్థితి. తేడా ఏమంటే ఇక్కడ తప్పుడు పాఠానికి మనుషులు చనిపోయారు.

ఆ తప్పు ఎవరిది? గీసినవాడిదా, ఆమోదించినవాడిదా? డ్రాయింగును పంచుకున్నప్పుడు బాధ్యతను కూడా పంచుకోవాలి. ఎవరు ఎప్పుడు ఏ గీత మార్చారో ప్రతి మార్పూ కాగితం మీద నిలవాలి. సరఫరాదారులను రూపకల్పనలోకి తీసుకునే నిర్వహణలో సగం పని ఈ లెక్క రాయడమే.

5

ఇప్పుడు మన నేలకు వద్దాం. 1980లలో మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్, జపానుకు చెందిన నిస్సాన్‌తో కలిసి మెదక్ జిల్లా జహీరాబాదులో చిన్న లారీల తయారీ మొదలుపెట్టింది. అలాంటి మరో మూడు జపాను ఒప్పందాలు అప్పుడు దేశంలో జరిగాయి. డ్రాయింగు జపానుది. భాగాలు పెట్టెల్లో వచ్చేవి. ఏడాదికేడాది కొన్నింటిని ఇక్కడే చేయించాలన్నది షరతు. 1985 తర్వాత జపాను యెన్ విలువ ఒక్కసారిగా పెరిగేసరికి ఆ పెట్టెల ఖరీదు మోయలేని బరువయింది. ఆ దశకం చివరికి ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. డ్రాయింగు పరాయివాడిదైనప్పుడు భాగాన్ని మార్చుకునే స్వేచ్ఛ కూడా పరాయివాడిదే అవుతుందన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

సుజుకితో 1982లో ఒప్పందం చేసుకుని 1983 డిసెంబరులో తొలి కారు అమ్మిన మారుతి, కొన్ని సరఫరా కంపెనీల్లో తానే వాటా తీసుకుని ఇక్కడి తయారీని పెంచింది. 2002లో మహీంద్రా తెచ్చిన స్కార్పియో మరో అడుగు. పెద్ద పెద్ద భాగాల రూపకల్పనను సరఫరాదారులకే అప్పగించి, మొత్తం కూర్పును కంపెనీ తన దగ్గర ఉంచుకుంది. జపాను దారిని మనవాళ్ళు కొత్త వాహనానికి పెద్దఎత్తున అనుసరించిన సందర్భాల్లో అదొకటి.

ఇక మన సీమ సంగతి. 2017 ఏప్రిల్‌లో కొరియా కంపెనీ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళు అక్కడికి చేరాయి. 2022లో ఆ ప్రాంతం అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. కారు ఫ్యాక్టరీతో పాటు కొరియా సరఫరాదారులు కూడా వచ్చి చుట్టూ వెలిశారు. సీట్లూ డాష్‌బోర్డులూ లాంటి పెద్ద భాగాలు, లైనుమీద కార్లు వచ్చే వరసలోనే, ఏ రంగు కారుకు ఆ రంగువి, అందాలి. దూరం నుంచి అది సాధ్యం కాదు. మన యువకుడి కథానాయకుడు పనిచేసేది అలాంటి పక్క ఫ్యాక్టరీలోనే.

మరి డ్రాయింగు ఎక్కడుంది? "కొరియాలో" అని ఆవేశంగా చెప్పేయడం సులువు. అది సగమే నిజం. మూల రూపకల్పనకు కేంద్రం కొరియాలోని నామ్యాంగ్ పరిశోధనశాల. కాని కియా ఉన్న హ్యుందాయ్ సంస్థల కూటమికి హైదరాబాదులో 2006 నుంచి ఒక ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. అదే కూటమిలోని పెద్ద సరఫరాదారు మోబిస్‌కు కూడా అదే నగరంలో సాంకేతిక కేంద్రం ఉంది. అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చుని కారు భాగాలను గీసేవాళ్ళలో, ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టేవాళ్ళలో మన తెలుగు పిల్లలున్నారు.

తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో పుట్టిన అమరరాజా సంస్థ మరో దారి చూపిస్తుంది. బ్యాటరీల కోసం అది 1997లో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో చేయి కలిపింది. 2019లో ఆ బంధం ముగిసింది. రెండు దశాబ్దాలు పక్కన నిలబడి చేసిన పని ఊరికే పోదు. తర్వాత ఆ సంస్థ తన కాళ్ళ మీద నడుస్తోంది.

అంటే గీత ఇప్పుడు దేశానికీ దేశానికీ మధ్య మాత్రమే లేదు. అది మన మధ్య నుంచే పోతోంది. ఒకే కారుకు ఒక తెలుగువాడు హైదరాబాదులో గీత గీస్తున్నాడు. మరో తెలుగువాడు ఎర్రమంచి పక్కన కవరు తొడుగుతున్నాడు. ఇద్దరికీ పరిచయం లేదు.

6

ఇప్పుడు మళ్ళీ కథ దగ్గరికి వస్తాను. కవరు తొడిగే మనిషికి ఆ సీటు గురించి కొంత తెలుసు. ఏ మూల దగ్గర స్పాంజి పట్టుకుంటుందో, ఏ క్లిప్పు పదిసార్లలో రెండుసార్లు జారుతుందో, షిఫ్టు చివరి గంటలో బొటనవేలు ఎక్కడ నొప్పి పుడుతుందో అతనికి తెలుసు. డ్రాయింగులో అది లేదు. గీసినవాడికి అది తెలియదు. ఆ మాట పైకి పోవడానికి దారి ఉందా? సీట్ల కంపెనీ సూపర్‌వైజరు వింటాడా? విన్నా, "ఆమోదం అయిపోయింది, ఇక మార్చలేం" అంటాడా? మార్చితే ఆ గీతకు ఎవరి పేరు పడుతుంది? అతను పర్మినెంటు కార్మికుడా, కాంట్రాక్టు మీద వచ్చినవాడా, వచ్చే ఏడు అక్కడ ఉంటాడా అన్నదాన్ని బట్టి ఈ ప్రశ్నకు జవాబు మారుతుంది.

జపాను కంపెనీలు సరఫరాదారుని తలకు విలువ కట్టడం నేర్చుకున్నాయి గనుక గెలిచాయి. ఆ తర్క ప్రకారమే నడిస్తే ఆ విలువ సరఫరాదారు ఆఫీసు గది దగ్గర ఆగిపోకూడదు, మగ్గం దాకా రావాలి. వస్తోందా లేదా అన్నది లెక్కల పుస్తకాలు చెప్పవు. అది చెప్పవలసింది కథ.

"నేను చేసిన కారులో నేను ఎక్కలేను" అన్న వాక్యం తప్పని నేననడం లేదు. అది పాత వాక్యం, నిజమైన వాక్యం. కాని అది ఏ ఫ్యాక్టరీకైనా సరిపోతుంది. మా ఊరి సిమెంటుకూ సరిపోతుంది. సున్నపురాయి తవ్వి, కాల్చి, నూరి బస్తాకెత్తే పనిలో ఇన్ని చేతుల మీదుగా నడిచే డ్రాయింగు లేదు. కారు పనిలో ఉంది. అక్కడి మనిషి బాధ కారు ఎక్కలేకపోవడం ఒక్కటే కాదు. అందులో తన చెయ్యి ఉండి తన మాట లేకపోవడం కూడా.

సమావేశం అయ్యాక ఆ యువకుడితో ఇదంతా చెప్పాను. ఫ్యాక్టరీ కథ రాసేవాళ్ళు మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాలన్నాను. ఈ భాగాన్ని ఎవరు గీశారు? ఎవరు ఒప్పుకున్నారు? చెడితే ఎవరి మీద పడుతుంది? అతను నోటుబుక్కులో రాసుకున్నాడు. కథానాయకుడికి మూలమైన మనిషి తన చిన్నాన్న కొడుకేనట. వచ్చే ఆదివారం పులివెందుల, కదిరి మీదుగా వెళ్ళి, జారిపోయే క్లిప్పు గురించి అడిగి వస్తానన్నాడు.